సంచి మోసే దూరమే అసలు దూరం

“కొట్టు ఎంత దూరమండీ?” అని అడిగి చూడండి. “ఎంత, బండి మీద రెండు నిమిషాలు!” అంటారు ఇంట్లో మగవాళ్లు. ఆ బండేమో పొద్దున్నే వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా డబ్బాలో చింతపండు లేదని చూసుకున్న ఇల్లాలికి ఆ లెక్క పనికిరాదు. నడిచి వెళ్లి, సంచి మోసుకుని తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందన్నదే మన లెక్క.

మా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఉప్పూ పప్పూ నాలుగడుగుల్లో దొరుకుతాయి. అదే శ్రీకాకుళం వెళ్లి తెచ్చుకోవాలంటే 10 కిలోమీటర్ల పైమాటే. చవగ్గా కొన్నదంతా రానూపోనూ చార్జీలకే సరి. పట్నాల శివార్లలో కొత్త కాలనీలకు వెళ్లినవాళ్ల అవస్థ మరీనూ. మేడ ఉంటుంది, కుళాయి ఉంటుంది, కొత్తిమీర కట్టకు మాత్రం ఆటో ఎక్కాలి! అమెరికాలో ప్రభుత్వం వారు పట్నాల్లో సరుకుల దుకాణం 1 మైలు, అంటే 1.6 కిలోమీటర్లు దాటితే దాన్ని అందుబాటు తక్కువైన చోటుగా లెక్క కడతారు. మనకు మైళ్లతోపాటు మోసే బరువు కూడా చూడాలి.

రేషను బియ్యమే తీసుకోండి. మనిషికి 5 కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి 20 కిలోలు. అంత్యోదయ కార్డుకైతే 35. అర కిలోమీటరు దూరమైనా అది నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లకే తెలుస్తుంది. ఇంటికే బియ్యం ఇచ్చే పద్ధతిని 2019 సెప్టెంబరులో మన శ్రీకాకుళం జిల్లాలోనే ముందుగా మొదలుపెట్టారు. 2021లో రాష్ట్రమంతటా 9 వేలకు పైగా బండ్లు వచ్చాయి. బరువు తగ్గిన మాట నిజమే. కానీ బండి వచ్చే వేళకు మనం ఇంటి దగ్గరుండాలి కదా! కూలికెళ్లే మనిషి బండి కోసం కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే.

2025 జూన్ 1 నుంచి ఆ బండ్లు ఆపి మళ్లీ డిపోల్లోనే ఇవ్వసాగారు. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 అని వేళలు చెప్పారు. వీలు చూసుకుని వెళ్లొచ్చు, అది మేలే. అయితే మోత మళ్లీ మన నెత్తికే వచ్చింది. అందుకే డిపో వీధికి దగ్గరగా ఉండడం ఇప్పుడు మరీ ముఖ్యం.

మరి మనం ఏం చేయొచ్చు?

* మన పేరున్న డిపోలోనే తీసుకోవాలని లేదు. కార్డు నంబరు, వేలిముద్రతో దగ్గర్లో ఉన్న ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు. పుట్టింటికి వెళ్లినా అంతే.

* ఇంట్లో 65 ఏళ్లు దాటినవారు మాత్రమే ఉన్నా, దివ్యాంగులున్నా సరుకు ఇంటికే ఇస్తామని 2025లో ప్రకటించారు. మీ డీలరును అడగండి, మొహమాటపడకండి.

* డిపో మరీ దూరమైతే గ్రామసభలో నలుగురూ కలిసి అర్జీ ఇవ్వండి. “దూరంగా ఉంది” అంటే చాలదు. ఎన్ని ఇళ్లు, ఎంతమంది ముసలివాళ్లు, ఎంత నడక అన్నది కాగితం మీద రాయండి.

* ఇల్లు అద్దెకు చూసినా, స్థలం కొన్నా ఒకసారి మీరే కొట్టు వరకు నడిచి చూడండి. ఎండలో, చేతిలో సంచితో!

* వీధి చివరి కొట్టును చిన్నచూపు చూడకండి. నెల సరుకులన్నీ పట్నంలో కొని, అప్పు కావలసినప్పుడే అక్కడికి వెళ్తే ఆ కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి? రూపాయో రెండో ఎక్కువైనా కొన్ని సరుకులు అక్కడే కొనండి. వానలో, రాత్రివేళ, చంటిపిల్ల జ్వరంతో ఉన్నప్పుడు తలుపు తీసేది ఆ కొట్టే.