ఫొటో పెద్దదైతే పెరిగేదేమిటి?

కంప్యూటర్‌లోకి ఎక్కిన తొలి ఫొటోగా చెప్పుకొనేది ఒక పసివాడి బొమ్మ. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్, ఆయన సహచరులు కలిసి ఒక డ్రమ్ము స్కానరు తయారుచేశారు. కిర్ష్ తన కొడుకు ఫొటోను, అటూ ఇటూ 5 సెంటీమీటర్లున్న ముక్కను, దానిమీద పెట్టారు. డ్రమ్ము తిరుగుతూంటే కాంతిని కొలిచే గొట్టం ఒక్కో చోట వెలుగెంతో పసిగట్టి ‘సియాక్’ అనే కంప్యూటర్‌కు చేరవేసింది. అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 పిక్సెళ్లు. పైగా ఒక్క స్కాన్‌లో నలుపా తెలుపా అన్నదే తెలిసేది. బూడిదరంగు ఛాయలు కావాలంటే వెలుగు హద్దును మారుస్తూ పలుమార్లు స్కాన్ చేసి, వాటన్నిటినీ కలపాల్సి వచ్చింది. ఇవాళ్టి ఫోను కెమెరా ఎంత ముందుకెళ్లినా మూలంలో చేసే పని అదే: వెలుగును కొలిచి అంకెల పట్టికగా రాసుకోవడం. జూమ్, క్రాప్, రీసైజ్ గురించిన అయోమయమంతా ఈ సంగతి మరిచిపోవడంవల్లే వస్తోంది. కొలిచే వేళ పట్టికకెక్కనిది ఆ తర్వాత ఏ బటన్ నొక్కినా రాదు.

ముందు క్రాప్ సంగతి చూద్దాం. 4000 × 3000 పిక్సెళ్ల ఫొటోలో కోటీ ఇరవై లక్షల కొలతలుంటాయి. అడ్డం సగానికి, నిలువు సగానికి కత్తిరిస్తే మిగిలేవి ముప్ఫై లక్షలు, అంటే పావు వంతే. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చువేస్తే మొదటిది 13 అంగుళాల వెడల్పు దాటుతుంది, రెండోది ఏడు అంగుళాలకు కూడా చేరదు. తెరమీద మాత్రం ముఖం పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఏదో లాభించినట్టే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 200 శాతం జూమ్ పెట్టి చూడటం వేరు. అప్పుడు ఒక్కో పిక్సెల్ తెరమీద నాలుగు పిక్సెళ్ల చోటు తీసుకుంటుంది తప్ప ఫైల్ చెక్కుచెదరదు. ఫోనులో డిజిటల్ జూమ్ అంటే చాలావరకు క్రాప్ చేసి, మిగిలినదాన్ని సాగదీయడమే. ఆప్టికల్ జూమ్ ఒక్కటే వేరే జాతి. అక్కడ కటకమే దూరపు దృశ్యాన్ని సెన్సర్ నిండా పరుస్తుంది కాబట్టి పట్టికలోకి కొత్త కొలతలు నిజంగానే వస్తాయి.

ఇక సాగదీయడం. పక్కపక్కనున్న రెండు పిక్సెళ్ల విలువలు 100, 200 అనుకుందాం. వాటి మధ్య కొత్త పిక్సెళ్లు కావాలి. ఉన్న విలువలనే మళ్లీ రాస్తే అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. సగటు తీసి 150 పెడితే మెట్లు పోతాయి, అంచు మెత్తబడుతుంది. బైక్యూబిక్ పద్ధతి చుట్టూ ఉన్న 16 పిక్సెళ్లను లెక్కలోకి తీసుకుని అంచును కొంత పదునుగా ఉంచుతుంది. మూడింటికీ ముడిసరుకు పాత కొలతలే. ఆ రెండు పిక్సెళ్ల మధ్య సన్నని కరెంటు తీగ ఉండి అది నమోదు కాకపోతే, ఏ సగటూ దాన్ని బయటపెట్టలేదు.

అయితే కూడలిలో కట్టిన ఫ్లెక్సీమీద ఫోను ఫొటో బాగానే కనిపిస్తోంది కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ ఘనత దూరానిది. అడుగు దూరంలో అంగుళానికి 300 పిక్సెళ్లు కోరే మన కన్నుకు, పదడుగుల దూరంలో 30 చాలు. దగ్గరికెళితే లోపం అక్కడే ఉంటుంది. కృత్రిమ మేధ పోయిన వివరాలు తెస్తోంది కదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ‘పల్స్’ ప్రోగ్రామ్‌కు బరాక్ ఒబామా ముఖాన్ని మసకచేసి ఇస్తే, శుభ్రంగా, స్పష్టంగా ఒక తెల్లజాతీయుడి ముఖాన్ని తయారుచేసింది. అది వివరాలను వెలికితీయలేదు, తాను చూసిన ముఖాల్లోంచి ఊహించింది. మరి 2018లో గూగుల్ ‘పిక్సెల్ 3’ ఫోనులో వచ్చిన జూమ్ మాటేమిటి? అది చేతి వణుకును వాడుకుని, పిక్సెల్‌లో భిన్నమంత జరిగిన అనేక ఫ్రేములను కలుపుతుంది. అదనపు వివరం అదనపు కొలతలనుంచే వస్తోంది కాబట్టి ఇది మన వాదాన్ని కొట్టేయదు, బలపరుస్తుంది.

పెళ్లి ఫొటోలో ఊహించిన కనురెప్పలున్నా నష్టం లేదు. సీసీ కెమెరా దృశ్యంలో మసకబారిన నంబర్ ప్లేటును సాగదీసి ఒకరిమీద నేరం మోపేటప్పుడు మాత్రం, కొలిచిందేదో ఊహించిందేదో విడదీసి చెప్పడం న్యాయానికి సంబంధించిన పని. అందుకే అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా దాచాలి, కత్తిరింపులన్నీ నకలు మీదే చెయ్యాలి, పెద్దది చేసిన బొమ్మను సాక్ష్యంగా చూపేవాళ్లు అసలు పిక్సెళ్లెన్నో కూడా చూపాలి. చూసేవాళ్లు కూడా ఆ లెక్క అడగడం నేర్చుకోవాలి.