చమురు పొర కింద తుప్పు: రైఫిల్ బారెల్ సంరక్షణ

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలనీ, లవణం తోడైతే ఆ చర్య వేగం పుంజుకుంటుందనీ గత భాగంలో తెలుసుకున్నారు. ఈ సూత్రం తెలియనివాళ్లు ఎంత శ్రమపడినా కాపాడుకోలేని వస్తువు ఒకటుంది. అది రైఫిల్ బారెల్.

శంకర్‌పల్లికి దగ్గరలోని ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన ఆయుధ కర్మాగారం గురించి మీరు వినే ఉంటారు. అక్కడ తయారయ్యే 'శరత్' యుద్ధవాహనం మీది 30 మిల్లీమీటర్ల తుపాకీ అయినా, ఎన్.సి.సి. క్యాడెట్లు పట్టే .22 రైఫిల్ అయినా, బారెల్ అంటే లోపల మెలితిరిగిన గాడులున్న ఉక్కు గొట్టమే. ఆ గాడులు గుండును గిరగిరా తిప్పడం వల్లనే అది గురి తప్పకుండా వెళుతుంది. గాడుల అంచులను తుప్పు తినేస్తే గురి చెడుతుంది. తుప్పును తుడిచేయవచ్చు గాని, అది చేసిన గుంటలను పూడ్చలేం.

పాత రోజుల్లో సైనికులకు అంతుపట్టని సంగతి ఒకటుండేది. కాల్పులు ముగియగానే బారెల్‌ను శుభ్రంగా తుడిచి చమురు పట్టించినా, కొద్ది రోజులకే లోపల ఎర్రటి తుప్పు కనిపించేది. అమెరికా గనుల శాఖకు చెందిన విల్బర్ట్ హఫ్ 1922లో దీని కారణాన్ని వివరించాడు. తూటా అడుగున ఉండే క్యాప్‌లో అప్పట్లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలినప్పుడు ఆక్సిజన్‌ను వదిలి పొటాషియం క్లోరైడ్‌గా మారి, గాడుల్లో సన్నని పూతగా మిగులుతుంది. ఇది మన వంట ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 85 శాతానికి చేరితే తేమను పీల్చుకుని ద్రావణమవుతుంది. మన ప్రాంతంలో వానాకాలపు ఉదయాల్లో అంత తేమ ఉండటం వింతేమీ కాదు. ఆ ద్రావణం విద్యుద్విశ్లేష్యంగా పనిచేసి ఉక్కును తినేస్తుంది.

మరి చమురు ఎందుకు ఆపలేదు? పొటాషియం క్లోరైడ్ అయానిక పదార్థం, చమురు అధ్రువ ద్రవం. ఒకదానిలో ఒకటి కరగవు. చమురు రాస్తే లవణం మీద దుప్పటి కప్పినట్లే. పల్చని చమురు పొర గుండా తేమ మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు కూడా ఇంతే. నీటి సంగతి వేరు: 100 మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 34 గ్రాములు, మరిగే నీటిలో సుమారు 56 గ్రాముల లవణం కరుగుతుంది. తుప్పుకు భయపడి నీటిని దూరం పెట్టే చోట నీరే మందు కావడం విచిత్రంగా ఉన్నా, రసాయన శాస్త్రం చెప్పేది అదే. .303 రైఫిల్ కాలపు బ్రిటిష్ సైన్యం బారెల్‌లో మరిగే నీరు పోయడానికి ప్రత్యేకంగా ఒక గరాటునే ఇచ్చేది. మరిగే నీటికి ఇంకో లాభం, వేడెక్కిన ఉక్కు తనంతట తానే త్వరగా ఆరుతుంది.

శుభ్రం చేసే ముందు రైఫిల్‌లో తూటా లేదని కంటితో చూసి నిర్ధారించుకోవాలి. పుల్‌త్రూ తాడును చాంబర్ వైపు నుంచి వేసి, గుండు బయటికి వచ్చే కొస నుంచి తిన్నగా లాగాలి. వంకరగా లాగితే తాడు రాపిడికి ఆ కొస అంచు అరిగి, గురి శాశ్వతంగా పోతుంది. .303కు పొడిగా తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు గల చిందీ వాడేవారు; చమురుకు వెడల్పు ఒకటిన్నర అంగుళాలు. చిన్న చిందీ ఎందుకంటే, బిగువుగా ఉన్న గుడ్డ చమురును పూయదు, పిండేస్తుంది. మళ్లీ కాల్చే ముందు ఆ చమురును పూర్తిగా తుడిచేయాలి. బారెల్‌లో చిందీ ముక్క ఇరుక్కుని ఉండగా కాలిస్తే బారెల్ పగిలి, కాల్చేవారికే ప్రాణాపాయం.

జర్మనీలో 1928లో లెడ్ స్టిఫ్నేట్ ఆధారిత సినాక్సిడ్ క్యాప్ వచ్చాక ఈ లవణం బెడద క్రమంగా తగ్గింది. నేటి .22 తూటాలకు సాధారణంగా వేడినీళ్లు అక్కర్లేదు. అక్కడ మిగిలేది సీసం మసి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రైఫిల్‌ను తోలు సంచిలో మాత్రం నిలవ ఉంచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: క్లోరేట్ క్యాప్ తూటాలు కాల్చిన రెండు బారెళ్లలో ఒకదాన్ని కిరోసిన్‌తోనూ, రెండోదాన్ని మరిగే నీటితోనూ కడిగి, రెండింటినీ ఆరబెట్టి చమురు పట్టించారు. జూలై నెలలో పది రోజులు గడిచాక ఏది తుప్పు పడుతుంది? ద్రావణీయత ఆధారంగా వివరించండి.