జీడిపప్పు కొవ్వు మంచిదే... మరి ఎవరికి, ఎంత?

పలాస నుంచి చుట్టాలొస్తున్నారంటే సంచిలో జీడిపప్పు ఉండాల్సిందే. ‘కొలెస్ట్రాల్‌ ఉంది, జీడిపప్పు మానేయాలా డాక్టర్‌ గారూ?’ అని చాలామంది అడుగుతుంటారు. నిజానికి జీడిపప్పులో కొలెస్ట్రాల్‌ ఉండదు. 100 గ్రాముల పప్పులో కొవ్వు సుమారు 44 గ్రాములు. అందులో సగానికి పైగా ఒలీక్‌ ఆమ్లమే.

ఏమిటీ ఒలీక్‌ ఆమ్లం?

మొక్కల నూనెల్లో విరివిగా దొరికే కొవ్వు ఆమ్లమిది. 18 కార్బన్ల గొలుసు. మధ్యలో ఒక వంపు ఉంటుంది. ఆ వంపు వల్ల అణువులు దగ్గరగా పేరుకోలేవు. ఉద్దానం కొబ్బరినూనె చలికాలంలో సీసాలోనే గడ్డకడుతుంది, వేరుశనగ నూనె గడ్డకట్టదు. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వులు ఎక్కువ, వేరుశనగ నూనెలో ఒలీక్‌ ఎక్కువ కావడమే కారణం. సబ్బులు, చర్మానికి రాసే క్రీముల తయారీలోనూ దీన్ని వాడతారు.

గుండెకు మేలెలా?

నెయ్యి, డాల్డా వంటి కొవ్వులకు బదులు ఒలీక్‌ ఉన్న నూనెలు వాడితే చెడు కొలెస్ట్రాల్‌ (ఎల్‌డీఎల్‌) తగ్గుతుంది. ఇక్కడ ‘బదులు’ అన్నదే ముఖ్యం. నెయ్యి అలాగే ఉంచి, పైన ఇంకో గుప్పెడు జీడిపప్పు తింటే పెరిగేది బరువే. పది పప్పులు తింటే దాదాపు 90 కేలరీలు చేరతాయి.

ఖరీదైన ఆలివ్‌ నూనే కొనాలా?

అక్కర్లేదు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లోనూ ఒలీక్‌ బాగానే ఉంటుంది. పామాయిల్‌లో ఒలీక్‌తో పాటు సంతృప్త కొవ్వూ దాదాపు అంతే ఉంటుంది. రోజూ అదే వాడొద్దు. నూనెలు మార్చి మార్చి వాడండి. పెద్దగా శ్రమ చేయనివారికి రోజుకు ఐదారు చెంచాల నూనె చాలు. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించకండి.

కిడ్నీ జబ్బుంటే జాగ్రత్త

ఉద్దానంలో ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి. జీడిపప్పులో కొవ్వు మంచిదే అయినా పొటాషియం, ఫాస్ఫరస్‌ ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు వాటిని బయటకు పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి, ప్రాణం మీదకు రావచ్చు. కొబ్బరి నీళ్లతోనూ ఇదే ముప్పు. డయాలసిస్‌ రోగిని చూడటానికి వెళ్తూ ప్రేమగా బోండాలు, జీడిపప్పు పట్టుకెళ్లకండి.

* క్రియాటినిన్‌ పెరిగినవారు జీడిపప్పు ఎంత తినొచ్చో వైద్యుడినే అడగాలి. పొటాషియం పరీక్ష చూశాకే చెప్పగలం.

* బీపీ ఉన్నవారు ఉప్పు, కారం చల్లిన జీడిపప్పు మానాలి.

* ఆరోగ్యవంతులు రోజుకు ఏడెనిమిది పప్పులు తినొచ్చు. వేయించినవి కాదు, పచ్చివే.

* ఉద్దానంలో ఉంటే, ఏ బాధా లేకపోయినా, ఏటా ఒకసారి మూత్రంలో ప్రొటీన్‌, రక్తంలో క్రియాటినిన్‌ పరీక్షలు చేయించుకోండి. కిడ్నీ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు.