పైకప్పు పాడాలంటే...

ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం, మల్లాపూర్ దాకా ఎటు చూసినా కొత్త అపార్ట్‌మెంట్లే. ఫ్లాట్ తాళాలు చేతికి రాగానే చాలామంది మొదట పిలిచేది ఫాల్స్ సీలింగ్ మేస్త్రీని. బోర్డులు బిగించి, పుట్టీ పెట్టి, రంగులేసి, గృహప్రవేశం కూడా అయ్యాక గుర్తొస్తుంది... 'పైన రెండు స్పీకర్లు పెట్టించుకుంటే బాగుండేదే' అని! అప్పుడిక మిగిలేవి రెండే దారులు. నిన్నగాక మొన్న వేసిన కప్పును కోయించడం లేదా గోడల మీద తీగలు పాకించుకోవడం.

అసలు అన్నీ పైనే పెట్టాలా? అక్కర్లేదు. సాక్షాత్తూ ఎన్టీఆర్ స్టూడియో కట్టించిన నాచారంలో సినిమా సంగతి ఒకరు చెప్పాలా! థియేటర్లో ముఖ్యమైన స్పీకర్లు తెర వెనకే ఉంటాయి. తెరకున్న సన్నటి రంధ్రాల్లోంచి మాట వస్తుంది కాబట్టే అది నటుడి నోటి నుంచి వచ్చినట్టుంటుంది. ఇంట్లోనూ అంతే. టీవీకి రెండువైపులా, మధ్యలో ఉండాల్సిన స్పీకర్లను కప్పులోకి ఎక్కిస్తే హీరో డైలాగు ఫ్యాను రెక్కల మధ్య నుంచి ఊడిపడుతుంది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్‌లో వాన, హెలికాప్టర్‌ లాంటి చప్పుళ్లు తలపై నుంచి వినిపిస్తాయి. కప్పులో స్పీకర్లకు అసలు పని అక్కడే. రెండే పెట్టేటట్టయితే సోఫాకు సరిగ్గా పైన లేదా కాస్త ముందుకు ఉండాలి.

పొద్దున్నే సుప్రభాతం, వంట చేస్తూ పాటలు... ఇంతే చాలనుకుంటే లెక్క వేరు. ఫాల్స్ సీలింగ్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులనుకుందాం. కూర్చున్నవారి చెవి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఆరడుగులు. ధ్వని 90 డిగ్రీల మేర విచ్చుకునే స్పీకరైతే చెవి ఎత్తులో దాదాపు పన్నెండడుగుల వలయాన్ని కమ్ముతుంది. మామూలు హాలుకి రెండు సరిపోతాయి. గోడలకు రెండడుగులైనా ఎడం, ఫ్యాను రెక్కలకు దూరం ఉంటే మంచిది. రంధ్రం కోసేటప్పుడు లోపలి ఇనుప చానల్ తెగకూడదు. బరువైన స్పీకర్‌ను ఉత్త జిప్సమ్ బోర్డుకే వేలాడదీయకుండా పైన ఆసరా ఇప్పించాలి.

ఇక తీగలు. సొంత ఇల్లు కడుతున్నవారు స్లాబ్ పోసేముందే ఓ ఖాళీ పైపు వేయించుకోవచ్చు. ఫ్లాట్లో అయితే బోర్డు బిగించకముందు. ఆంప్లిఫయర్ నుంచి ఒక్కో స్పీకర్‌కు విడిగా తీగ లాగాలి. కరెంటు తీగల పైపులోనే దీన్నీ దూర్చేస్తామంటే ఒప్పుకోవద్దు. అది ప్రమాదం, పైగా గుయ్‌మన్న హోరు. రెండూ కనీసం అడుగు దూరంలో నడవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. పది మీటర్ల లోపయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. రానుపోను ఇరవై మీటర్ల తీగకు నిరోధం పావు ఓమ్ లోపే, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు అది లెక్కలోది కాదు. దూరం పెరిగితే 2.5 తీసుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీలోనో, ట్రూప్ బజార్లోనో చవగ్గా దొరికిందని సంబరపడేముందు ఓ కొస గీకి చూడండి. రాగిపూత కింద తెల్లగా మెరిస్తే లోపలున్నది అల్యూమినియమే!

ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లు రెంటిని సమాంతరంగా కలిపితే నాలుగు ఓమ్‌లవుతాయి. ఆంప్లిఫయర్ అంత బరువు మోస్తుందో లేదో దాని వెనకే రాసుంటుంది. ప్లస్, మైనస్ ఒక స్పీకర్‌కు తారుమారైతే పాట వస్తుంది కానీ తబలా పలచబడుతుంది. పరీక్ష తేలికే. ఒకటిన్నర వోల్టుల సెల్లును ఆంప్లిఫయర్ కొస దగ్గర తీగలకు క్షణం తాకిస్తే స్పీకర్ పొర బయటికి ఉబకాలి. లోపలికి పోతే తీగలు తిరగబడినట్టే. ఇదంతా బోర్డు మూయకముందే చూసుకుని, టేపు పట్టి కొలతలు కనిపించేలా ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోవాలి.

అన్నట్టు, స్పీకర్‌కు వెనకవైపూ శబ్దం ఉంటుంది. అది స్లాబును తాకి పైఫ్లాట్ వాళ్ల పడకగది దాకా పోతుంది. వెనక మూసిన పెట్టె బిగించి, చుట్టూ రాక్‌వూల్ కూరిస్తే చాలావరకు తగ్గుతుంది. దబదబమనే బేస్ మాత్రం అంత తేలిగ్గా ఆగదు. రాత్రి పదయ్యాక దాన్ని తగ్గించాల్సింది రిమోట్‌తోనే.