నునుపు చేస్తే పోయిన ముఖం

తాతయ్య పెద్దకర్మకు మూడు రోజుల ముందు తెనాలిలోని ఓ స్టూడియో నుంచి ఫ్రేము కట్టిన ఫోటో ఇంటికొచ్చింది. పన్నెండు అంగుళాల వెడల్పు, చుట్టూ బంగారు రంగు అంచు. నానమ్మ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. "ఈయనెవర్రా?" అంది.

దుఃఖంలో ఉంది, మతి స్థిమితంగా లేదనుకున్నాం. మేమే సరిగ్గా చూడలేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి తాతయ్య చెంపల మీదా ముక్కు మీదా గుంటలు మిగిలాయి. ఫోటోలో అవేవీ లేవు. ముఖం ఉడికించి ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. కనుబొమలూ మీసమూ మాత్రం సూదితో గీసినట్టు పదునుగా ఉన్నాయి.

స్టూడియో కుర్రాణ్ని తప్పుపట్టడం కష్టం. మేమిచ్చింది 1980ల నాటి పాస్‌పోర్ట్ సైజు నలుపు తెలుపు ఫోటో. తేమ తగిలి దాని నిండా చుక్కలు. పెద్దది చేస్తే చుక్కలూ పెద్దవయ్యాయి. అతను అందరి ఫోటోలకూ చేసే పనే దీనికీ చేశాడు. ముందు స్మూతింగ్, తర్వాత షార్పెనింగ్. అంటే ముందు నునుపు, ఆ పైన పదును. పెళ్లి ఆల్బమ్ నుంచి పార్టీ ఫ్లెక్సీ దాకా మన కంటపడే ముఖాల్లో ఈ రెండూ దాటకుండా వచ్చేవి తక్కువ. ఇవి ఫోటోకు ఏం చేస్తాయో తెలుసుకోవడానికి కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

నలుపు తెలుపు డిజిటల్ ఫోటోలో ప్రతి పిక్సెల్ ఒక అంకె. 0 అంటే కటిక నలుపు, 255 అంటే మల్లెపూవు తెలుపు. ముదురు రంగు కోటు అంచు, దాని వెనక తెల్లగోడ ఉన్నాయనుకుందాం. ఆ చోట వరుసగా 50, 50, 50, 200, 200, 200 అనే అంకెలుంటాయి. స్మూతింగ్ ఫిల్టర్ ప్రతి అంకెనూ దాని ఇరుగుపొరుగులతో కలిపి సగటు తీస్తుంది. అప్పుడు వరుస 50, 50, 100, 150, 200, 200 అవుతుంది. నిట్టనిలువు గోడలా ఉన్న అంచు మెట్లలా మారిపోయింది. కంటికి అది మసక. గాసియన్ బ్లర్ అనేది ఇదే పద్ధతికి కాస్త మెరుగైన రూపం. దగ్గరి పొరుగుకు ఎక్కువ విలువ, దూరపు పొరుగుకు తక్కువ విలువ ఇస్తుంది.

షార్పెనింగ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఫోటోను పదును పెట్టే ఫిల్టర్లలో బాగా పేరున్నదాని పేరు 'అన్‌షార్ప్ మాస్క్'. పదును లేని మాస్కు అని! డార్క్‌రూమ్ రోజుల్లో నెగెటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తీసి, రెంటినీ జోడించి ప్రింటు వేసేవారు. ఆ పాత పేరే కంప్యూటర్లోకీ వచ్చింది. లెక్క కూడా అదే. అసలు అంకెల్లోంచి మసక అంకెలు తీసేస్తే తేడా మిగులుతుంది. మన వరుసలో కోటు అంచు దగ్గర మైనస్ 50, గోడ మొదట్లో ప్లస్ 50. ఆ తేడాను అసలు ఫోటోకు కలిపితే వరుస 50, 50, 0, 250, 200, 200 అవుతుంది. నలుపు మరింత నలుపు, తెలుపు మరింత తెలుపు. కన్ను మోసపోయి 'ఆహా, ఎంత స్పష్టంగా ఉంది' అనుకుంటుంది.

కానీ ఆ 0 కోటులో ఎప్పుడూ లేదు. 250 గోడ మీదా లేదు. పోయిన వివరాన్ని ఈ ఫిల్టర్ వెనక్కి తేలేదు. ఉన్న అంచును పెద్ద గొంతుతో చెప్పిస్తుంది, అంతే. మోతాదు మించితే అంచుల వెంట తెల్లటి గీత బయటపడుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ మీది నాయకుడి తల చుట్టూ సన్నటి కాంతివలయం కనిపిస్తే అది ఆయన మహిమ కాకపోవచ్చు, షార్పెనింగ్ ఎక్కువైందని అర్థం కావచ్చు.

మరి తాతయ్య గుంటలు ఎలా పోయాయి? చుక్కలు తీయడానికి మరో రకం స్మూతింగ్ ఉంది, మీడియన్ ఫిల్టర్. అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ 1970లలో ప్రాచుర్యంలోకి తెచ్చిన ఉపాయమిది. 50, 52, 255, 51, 50 అనే వరుసలో 255 ఒక తెల్ల చుక్క. సగటు తీస్తే దాదాపు 92 వస్తుంది, అంటే చుక్క చుట్టూ అలుక్కుపోతుంది. అదే అంకెలను చిన్న నుంచి పెద్దకు నిలబెట్టి నడిమి దాన్ని తీసుకుంటే 51. చుక్క ఆనవాలు లేకుండా పోతుంది. పాత ఫోటోలకు ఇది నిజంగా వరం. అయితే తేమ పెట్టిన చుక్కకూ మశూచి పెట్టిన గుంటకూ తేడా ఆ లెక్కకు తెలియదు. పొరుగు పిక్సెళ్లతో కలవనిదేదైనా దానికి మరకే. మన దేశంలో మశూచి చివరి స్థానిక కేసు 1975 మేలో నమోదైంది. ఆ గుంటలున్న ముఖాలు ఇప్పుడు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. వాళ్లు గోడ మీది పటాల్లోనైనా మిగులుతారా అన్నది, చాలా ఇళ్లలో, స్టూడియోలో మౌస్ పట్టుకున్న కుర్రాడి చేతిలో ఉంది.

ఇప్పుడు ఆ మౌస్ కూడా అక్కర్లేదు. అంచులను వదిలేసి చర్మాన్ని మాత్రమే నునుపు చేసే బైలాటరల్ ఫిల్టర్‌ను 1998లో టొమాసి, మండూచి అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. ఆ తరహా లెక్కలే సెల్‌ఫోన్లలో 'బ్యూటీ' మీటలుగా మారాయి. అమెరికా వీసాకు ఫోటో దిగే తెలుగు విద్యార్థులు ఇక్కడే దెబ్బతింటారు. ఫిల్టర్లతోగానీ సాఫ్ట్‌వేర్‌తోగానీ రూపం మార్చిన ఫోటోలు పనికిరావని అక్కడి విదేశాంగ శాఖ నిబంధన. అయినా స్టూడియో అలవాటు ప్రకారం మొటిమ తీసేసి ఇస్తుంది. ప్రకటనల సంగతీ అంతే. బ్రిటన్‌లో 2011లో జూలియా రాబర్ట్స్ నటించిన సౌందర్య సాధనాల ప్రకటనను, ముఖాన్ని అతిగా మెరుగుపెట్టారని అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఆపించింది. దిద్దిన శరీరాల ఫోటోలున్న ప్రకటనలపై ఆ మాట రాయాలని ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి షరతు పెట్టాయి.

ముఖం నునుపెక్కితే నష్టం కొంతవరకే. లేని వివరాన్ని పుట్టిస్తేనే అసలు ప్రమాదం. మసక ఫోటోను కృత్రిమ మేధతో స్పష్టం చేస్తామనే పరికరాలు ఇప్పుడు కుప్పలుగా ఉన్నాయి. ఇవి అన్‌షార్ప్ మాస్క్‌లా ఉన్న తేడాను పెంచి ఊరుకోవు. లక్షల ముఖాలు చూసిన అనుభవంతో ఇక్కడ ఏం ఉండొచ్చో ఊహించి గీస్తాయి. 2020లో అలాంటి ఒక పరికరానికి బరాక్ ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి వ్యక్తి ముఖం బయటికొచ్చింది. అది జనం నవ్వుకున్న సంగతి. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హత్య కేసు విచారణలో కృత్రిమ మేధతో మెరుగుపరచిన సెల్‌ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడానికి న్యాయమూర్తి నిరాకరించారు. మన దగ్గర 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు దాని హాష్ విలువనూ ధ్రువపత్రంలో రాయమంటోంది. ఫోటోకు చిన్న ఫిల్టర్ వేసి సేవ్ చేసినా ఆ విలువ మారిపోతుంది.

మేం ఆ పాత ఫోటో పట్టుకుని మళ్లీ స్టూడియోకు వెళ్లాం. మొదటిసారి 300 డీపీఐలో స్కాన్ చేశారట. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పులో సుమారు 410 పిక్సెళ్లు. వాటిని పన్నెండు అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 34 దక్కుతాయి. అంత తక్కువ సరుకుతో ఏ ఫిల్టరైనా ఏం చేస్తుంది! ఈసారి 1200లో స్కాన్ చేయించాం. మొత్తం ముఖానికి ఒకేసారి ఫిల్టర్ వేయకుండా, చుక్కలను ఒక్కొక్కటిగా చేత్తో తీయమన్నాం. ఏది తేమ మరకో, ఏది మచ్చో నేను పక్కన కూర్చుని చెబుతుంటే అతను ఓపిగ్గా తీశాడు. రెండు గంటలు పట్టింది. పదును చివర్లో, ప్రింటు సైజుకు మార్చిన తర్వాతే, అదీ కాస్తంతే పెట్టాడు.

కర్మ రోజు పొద్దున్నే దండ వేయబోతే నానమ్మ ఆపింది. ఫ్రేము దగ్గరికి తీసుకుని, అద్దం మీద వేలు ఆనించి వెతికింది.

"ఎడమ కన్ను కింద రెండుండాలి. రెండోది ఏదిరా?"

అది తేమ చుక్క అనుకుని తీసేయమన్నది నేనే.