గండి పడ్డాకే తెరుచుకునే ఖజానా

కోసీ ముంచెత్తిన పదో రోజున, 2008 ఆగస్టు 28న, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉత్తర బీహార్ మీదుగా ఏరియల్ సర్వే చేశారు. కింద సుపౌల్, మధేపురా జిల్లాల్లో ఊరేదో ఏరేదో తెలియని పరిస్థితి. ఇది 'జాతీయ విపత్తు' అని ప్రధాని అన్నారు. రూ.1,000 కోట్లు, 1.25 లక్షల టన్నుల ఆహార ధాన్యాలు ప్రకటించారు. డబ్బు, ధాన్యం సరే. ఆ 'జాతీయ విపత్తు' అన్న మాటకే చట్టంలో చోటు లేదు. అలా ప్రకటిస్తే ఇంత ఇచ్చి తీరాలన్న నిబంధన అంతకన్నా లేదు. 2018 వరదలప్పుడు కేరళ ఇదే కోరితే ఢిల్లీ ఇచ్చిన జవాబూ అదే.

కోసీ విషయంలో నదిని తిట్టుకుని లాభం లేదు. ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు కరకట్టకు గండి పడినప్పుడు ప్రవాహం సుమారు 1.44 లక్షల క్యూసెక్కులు. కట్టను నిర్మించింది 9.5 లక్షల క్యూసెక్కులకు. అందులో ఆరో వంతైనా లేని నీటికే అది తెగిపోయింది. కట్ట ఉన్నది నేపాల్ నేల మీద. 1954 నాటి ఒప్పందం ప్రకారం దాని బాగోగులు చూడాల్సింది భారత్. పనులు చేయించేది బీహార్ జల వనరుల శాఖ, ఖర్చు భరించేది కేంద్రం. ఇంతమంది యజమానులున్న కట్ట ఎవరిదీ కాకుండా పోవడంలో వింతేముంది? తప్పెవరిదో తేల్చడానికి వేసిన జస్టిస్ రాజేశ్ బాలియా కమిషన్ నివేదిక ఇచ్చేసరికి 2014 వచ్చింది.

ఈలోగా నది పాత దారులు వెతుక్కుంటూ అయిదు జిల్లాలను ముంచింది. 30 లక్షల మందికి పైగా బాధితులయ్యారు. పునర్నిర్మాణానికి బీహార్ దాదాపు రూ.14,800 కోట్లు కోరింది. ఆ మొత్తం రాలేదు. రావడానికి దారి కూడా లేదు. అప్పట్లో కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం వేసుకునే విపత్తు సహాయ నిధి ఒకటి, అది చాలకపోతే ఆదుకునే జాతీయ నిధి మరొకటి ఉండేవి. 2010లో వాటి పేర్లు మారాయి గానీ సూత్రం మారలేదు. ఆ డబ్బు తక్షణ సహాయానికే తప్ప నష్టపరిహారానికి కాదు. రాష్ట్రాలేమో నష్టాన్ని లెక్కగట్టి పంపుతాయి. ఢిల్లీ అధికారులు నిబంధనల పుస్తకం తెరిచి కూర్చుంటారు. 2010లో ప్రపంచ బ్యాంకు 22 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అదీ అప్పే.

నీరు తీశాక పొలాల్లో మిగిలింది ఇసుక, కొన్నిచోట్ల అడుగుల మందాన. 2022-26 కాలానికి కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, మేట మూడు అంగుళాలు దాటితే సన్నకారు, చిన్నకారు రైతులకు ఇచ్చేది హెక్టారుకు రూ.18,000. మూడు అంగుళాలు దాటాక మూడడుగులైనా రేటు అదే. కోసీ మేటను ఆ డబ్బుతో ఎత్తిపోయడం ఎవరి తరం?

రాజకీయాలకు మాత్రం ఈ వరద బాగానే పనికొచ్చింది. కోసీ బాధితులకు గుజరాత్ ప్రభుత్వం రూ.5 కోట్లు ఇచ్చింది. ఆ సాయాన్ని చాటుతూ 2010లో పాట్నా పత్రికల్లో ప్రకటనలు వెలువడడంతో ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ ఆ సొమ్మును వాపసు చేశారు. అప్పటికి ఆయన, నరేంద్ర మోదీ ఇద్దరూ ఎన్డీయే ముఖ్యమంత్రులే.

వరద వచ్చాక ఇచ్చే రూపాయి కన్నా ముందే కట్టకు పెట్టే రూపాయి విలువైనదని ప్రభుత్వానికి తెలియక కాదు. విపత్తు ముప్పును తగ్గించే పనులకు విడిగా నిధి ఉండాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమే చెప్పింది. జాతీయ స్థాయిలో ఆ నిధి ఏర్పడింది 2021లో. 15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధుల కింద లెక్కగట్టిన రూ.1,60,153 కోట్లలోనూ ముప్పు తగ్గింపు వాటా అయిదో వంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం విపత్తు వచ్చిపడ్డాక ఖర్చుకే.

2024 జూలై బడ్జెట్‌లో బీహార్ వరదల కోసం రూ.11,500 కోట్ల పథకాలు ప్రకటించారు. వాటిలో ప్రధానమైనది కోసీ-మేచీ అనుసంధానం. రూ.6,282 కోట్ల ఆ పథకాన్ని 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2.10 లక్షల హెక్టార్లకు సాగునీరు ఇవ్వడం దాని లక్ష్యం. మంచిదే, కానీ వరద మాటేమిటి? ఇప్పుడు 15,000 క్యూసెక్కులు పట్టే కాలువను 20,247 క్యూసెక్కులకు పెంచుతారు. ఆ బడ్జెట్ వచ్చిన రెండు నెలలకే, సెప్టెంబర్ 29న, బీర్‌పూర్ బ్యారేజీ దగ్గర కోసీలో 6.61 లక్షల క్యూసెక్కులు పారాయి. 1968 తర్వాత అదే అత్యధికం. ఆ రాత్రి దర్భంగా జిల్లా కీరత్‌పూర్ వైపు పడమటి కట్టకు గండి పడింది. రెండు కట్టల మధ్య చిక్కుకుపోయిన ఊళ్ల జనం మాత్రం ఎప్పట్లాగే పశువులను తోలుకుని, మూటాముల్లెతో ఆ కట్టల మీదకే ఎక్కారు.