ఊరేగింపుకు ముందు కౌబాయ్‌లు, గుర్రాలు

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్ర రాజధాని షాయెన్‌లో 1897లో మొదలైన ఫ్రాంటియర్ డేస్ ఉత్సవం జులై చివర్లో జరుగుతుంది. ఫొటోగ్రాఫర్లకు మంచి దృశ్యాలు దొరికేది అక్కడి ఊరేగింపు కదలకముందే: జీను బిగించే చేతులు, జూలు దువ్వడం, కళ్లెం సర్దుకునే రౌతులు. పొద్దుటి ఏటవాలు ఎండలో గుర్రం ఒళ్లు నిగనిగలాడుతుంది. కౌబాయ్ ముఖమే ఇబ్బంది, వెడల్పాటి టోపీ అంచు నీడలో మునిగిపోతుంది. గడ్డం కాస్త ఎత్తమంటే సరి. వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే గుర్రం మూతి సొరకాయలా సాగుతుంది. దూరం నుంచి టెలీ లెన్సే మేలు. గుర్రం చెవులు ముందుకు నిక్కినప్పుడే షట్టర్ నొక్కాలి. వెనక్కి అణిగాయంటే చిరాకులో ఉన్నట్టు. సరిగ్గా వెనక ఉన్నదేదీ గుర్రానికి కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, నెమ్మదిగా మాట్లాడుతూ దగ్గరకు వెళ్లాలి. ఫ్లాష్ వెలిగిస్తే బెదిరిపోవచ్చు.